సీసాలో సంస్కృతి, ముంతలో నేరం

రుచికి వర్గం లేదని చెప్పేవారు ఈమధ్య మనలో ఎక్కువైపోతున్నారు. సంగీతానికి లేదన్నారు, చిత్రలేఖనానికి లేదన్నారు, ఇప్పుడు తాగే సారాకి కూడా లేదంటున్నారు. ఆదివారం అనుబంధాలు తిరగేసే పాఠకుడికి ఈ రకం వ్యాసాలు బాగా పరిచయమే. యువదంపతులు కారు తీసుకుని బయలుదేరతారు. నాసిక్ చుట్టుపక్కల నాలుగైదు ద్రాక్షతోటలకి వెళతారు. ప్రతిచోటా పొడుగుకాడ గాజుగ్లాసుల్లో రెండేసి గుక్కలు రుచి చూస్తారు. చూసినదానికల్లా ఒక వర్ణన రాస్తారు. ఒకదానిలో నేరేడుపండు వాసన, ఇంకొకదానిలో పాతతోలు వాసన, మరొకదానిలో వానకి తడిసిన రాతి వాసన. ఇంత సూక్ష్మమైన ఘ్రాణశక్తి గల ముక్కులకి ఆ తోటలో పనిచేసే మనిషి చెమట వాసన మాత్రం ఒక్కసారీ తగలదు.

నాకు ద్రాక్షసారా మీద ద్వేషం లేదు. తాగేవాడి మీద అంతకన్నా లేదు. నా అభ్యంతరమల్లా ఏమంటే, ఆ వ్యాసం వేసిన పత్రికే మరుసటివారం పల్లెల్లో ప్రబలిన తాగుడు గురించి సంపాదకీయం రాస్తుంది. మొదటిది సంస్కృతి పేజీలో పడుతుంది, రెండోది నేరవార్తల పక్కన పడుతుంది. రెండుచోట్లా జరిగిన రసాయనక్రియ ఒక్కటే. పండులోనో చెట్టులోనో ఉన్న తీపిని ఈస్టు తింటుంది, మత్తునిచ్చే ద్రవం మిగులుతుంది. ఈస్టుకి కులమూ తెలియదు, వర్గమూ తెలియదు. తేడా తెచ్చిపెట్టింది మనుషులు. ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్నది విమర్శకుడు చూడవద్దా?

ఇదంతా పొందూరులో అరుగుమీద కూచుని ఊహించి రాస్తున్నది కాదు. నేనూ, నా భార్యా కిందటి చలికాలం ఆ యాత్ర చేసినవాళ్ళమే. పూనాలో ఉంటున్న మా అమ్మాయి తన కారు ఇచ్చింది. నడిపింది నా భార్య. నాకు చేతకాదు, ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడికి సైకిలు చాలింది. పూనా నుంచి నాసిక్ పోయే రోడ్డులో నారాయణ్‌గావ్ తగులుతుంది. 1980లలో ఫ్రెంచివారి సాంకేతిక సహాయంతో నురగవైన్ తయారుచేసి, ఒమర్ ఖయ్యాం అని పేరుపెట్టి పైదేశాలకి పంపింది ఈ ఊళ్ళోనుంచే. పారశీక కవి పేరు, ఫ్రాన్సు పద్ధతి, మహారాష్ట్ర ద్రాక్ష! జాతీయత అనేది సీసామీద అంటించే కాగితమని అప్పుడే రుజువయింది. ఆ దశాబ్దం గడిచి, 1990ల చివర నాసిక్‌లో సూలావారు తోట వేశారు. 2005లో రుచి చూపించే గది తెరిచారు. తక్కినవాళ్ళూ ఆ దారి పట్టారు. ఇప్పుడు గంగాపూర్ ఆనకట్ట నీళ్ళ ఒడ్డున, మన గోదావరి పుట్టిన జిల్లాలోనే, శనాదివారాలు కార్లు బారులు తీరుతాయి.

మేం మూడు తోటలకి వెళ్ళాం. ఏ తోట ఏదన్నది ఇక్కడ అనవసరం. మూడు చోట్లా పాఠం ఒకటే. శుభ్రమైన బట్టలు కట్టుకున్న కుర్రవాడు ముందు గ్లాసు తిప్పమన్నాడు, తరవాత వాసన చూడమన్నాడు, తరవాత నాలుకమీద నిలపమన్నాడు. ఉమ్మెయ్యడానికి పక్కనే గిన్నె ఉంది. నా భార్య ఒక్క గుక్క తీసుకుని, "ఆవకాయలో ఊట పైకి తేలినట్టుంది" అన్నది. ఆ కుర్రవాడికి తెలుగు రాకపోవడం మా అదృష్టం. నేను అతన్ని హిందీలో ఒక ప్రశ్న అడిగాను: ఈ పళ్ళు కోసేదెవరు? కోతలు జనవరి నుంచి మార్చిదాకా ఉంటాయనీ, ఎండ ఎక్కకముందే కోయాలనీ, సుర్గాణా, పేఠ్ వైపునుంచి ఆదివాసులు సీజనుకి వస్తారనీ చెప్పాడు. చెప్పి మళ్ళీ ఓక్‌పీపాల దగ్గరికి పోయాడు. పీపా వయస్సు ఎంతో, అది ఏ దేశంనుంచి వచ్చిందో అతనికి కంఠతా వచ్చు. కోసేవాళ్ళ సంగతి ఒక వాక్యంతో సరిపోయింది. తప్పు అతనిది కాదు, అతనికి అంతవరకే నేర్పారు.

కోతలకాలంలో యాత్రికులకి ఇంకో వినోదం కూడా ఏర్పాటు చేస్తారు. డబ్బు కట్టి, చెప్పులు విప్పి, తొట్టిలో దిగి ద్రాక్షపళ్ళు కాళ్ళతో తొక్కవచ్చును. శ్రమ చెయ్యనక్కర లేనివాడికి శ్రమ సరదాగా ఉంటుంది. అయితే డబ్బు కట్టి తాడిచెట్టు ఎక్కుతానని ఇంతవరకు ఎవరూ ముందుకి రాలేదు.

సుర్గాణా పేరు పాఠకులు ఇంకోచోట విని ఉంటారు. 2018 మార్చి 6న నాసిక్‌లో బయలుదేరి, దాదాపు 180 కిలోమీటర్లు నడిచి, 12వ తేదీన బొంబాయి ఆజాద్ మైదానం చేరిన ఎర్రజెండాల రైతుల యాత్ర గుర్తుందా? ఆ నడిచినవారిలో ఎక్కువమంది ఇలాటి తాలూకాల ఆదివాసులే. 2006 అటవీహక్కుల చట్టం ప్రకారం తాము దున్నుతున్న భూమికి పట్టా ఇమ్మన్నారు. పాదాలు పగిలిన ముసలివాళ్ళ ఫోటోలు అన్ని పత్రికలూ వేశాయి. బొంబాయినుంచి వైన్ రుచి చూడ్డానికి నాసిక్ వచ్చే కార్లు పరిగెత్తేది ఆ రోడ్డుమీదే. ఒక రోడ్డుమీద రెండు యాత్రలు. సంస్కృతి పేజీకి ఒకటే కనపడింది.

ఇక ప్రభుత్వం సంగతి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్షనుంచి వైన్ తీసే పరిశ్రమకోసం ఒక ప్రత్యేక విధానం ప్రకటించి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కి పదేళ్ళపాటు ఎక్సైజు సుంకం పూర్తిగా మినహాయించింది. 2022 జనవరిలో పెద్ద కిరాణాదుకాణాల్లో కూడా వైన్ అమ్మవచ్చని మంత్రివర్గం తీర్మానించినప్పుడు పెద్ద గొడవ లేచింది. రైతు మేలుకే చేస్తున్నామని సమాధానం చెప్పారు. నాసిక్ ద్రాక్షలో చాలాభాగం తినడానికీ, ఎండబెట్టడానికీ పోతుంది, వైన్‌కి పోయేది స్వల్పం. అయినా రైతు పేరే వాడారు. సరే, వాడనీండి. నేను అడిగేది ఇంతే: మత్తుపానీయం తయారుచేసేవాడికి పన్ను మినహాయించి, దాన్ని వ్యవసాయోత్పత్తిగా పరిగణించి, తయారీ చూడడానికి వచ్చేవాళ్ళకోసం ఏర్పాట్లు చెయ్యడం ఒక ప్రభుత్వానికి చేతనవుతుందని తేలింది కదా. మరి తాటికల్లు దగ్గరికి వచ్చేసరికి ఈ ఔదార్యం ఏమయింది?

మా పొందూరు గురించి బయటివారికి ఖద్దరు ఒక్కటే తెలుసు. వాలుగచేప దవడతో పత్తి దువ్వి, నూరో నెంబరు నూలు వడికే ముసలమ్మల్ని చూడ్డానికి ఇక్కడికీ కార్లు వస్తాయి. వాళ్ళూ తాకి చూస్తారు, ఆహా అంటారు, దవడని ఫోటో తీస్తారు. వడికే చేతులకి ఎంత గిడుతుందని అడిగేవారు అరుదు. అయినా ఖద్దరుకి గాంధీగారి మెప్పు ఉంది గనక గౌరవమన్నా దక్కింది. పొందూరు దాటి ఏ వైపు వెళ్ళినా గట్లమీద నిలబడి ఉండే తాడిచెట్లకి అదీ దక్కలేదు. మన జిల్లాల్లో యాత, సెగిడి కులాలవారు తరతరాలుగా ఆ చెట్లమీద బతికారు. ఆకు ఇంటికప్పు అయింది, కాయ ముంజె అయింది, టెంక తేగ అయింది, గెల కల్లు అయింది, బెల్లం అయింది.

నాసిక్‌నుంచి వచ్చాక మార్చినెలలో నా భార్యే ప్రతిపాదించింది. "అంత దూరం పోయి పరాయివాళ్ళ సారా రుచి చూశాం గదా, మన ఊరిది కూడా అదే పద్ధతిలో చూద్దాం" అన్నది. ఒక అద్దెకారు మాట్లాడుకుని రెండురోజులు తిరిగాం. మొదటిరోజు తెల్లవారుఝామున పొందూరు దగ్గరే ఒక తాడితోపు. అరవై దాటిన గీతపనివాడు మోకు వేసుకుని, కాళ్ళకి బంధం తగిలించుకుని, చెట్టుని రొమ్ముకి అదుముకుంటూ పాకాడు. అరవై డెబ్భై అడుగుల ఎత్తు. ఎన్నో ఏళ్ళుగా బెరడుకి రాసుకుని రాసుకుని అతని గుండెమీద చర్మం కాయలు కాసింది. పైన గెలకొసని కత్తితో పల్చగా చెక్కి, ముంత మార్చి, దిగాడు. పొద్దున ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి. ఒక పూట మానితే గెల ఎండిపోతుంది. పండగా, జబ్బూ, చావూ ఆ చెట్టుకి అక్కరలేదు. మోకు సంగతి అడిగితే, "ఏటి సెప్పమంతారు మేష్టారూ, మోకు తెగితే ముంతా పగుల్తాది, నడుమూ ఇరుగుతాది. ముంతకయితే మళ్ళీ కొంటాం" అన్నాడు.

సున్నం పూసిన ముంతలో దిగినది తియ్యగా ఉంది. అది నీరా. సున్నం లేని ముంతలోది అప్పటికే నురగ కడుతున్నది. మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి వాసన పట్టి పారబొయ్యాలి. నేను నాసిక్ కుర్రవాడిలా తాటాకు దొప్పని తిప్పి, వాసన చూసి, నాలుకమీద నిలిపి, ఇందులో పచ్చి తాటాకు వాసనా, కాస్త సున్నం వాసనా, మట్టికుండ వాసనా ఉన్నాయని చెప్పాను. ముసలాయన నవ్వాపుకోలేకపోయాడు.

ఈ నిలవ ఉండకపోవడంలోనే అసలు రహస్యమంతా ఉంది. వైన్ నిలవ ఉంటుంది. నిలవ ఉండేదాన్ని సీసాలో పొయ్యవచ్చు, వయస్సు చెప్పి ధర పెంచవచ్చు, ఓడ ఎక్కించవచ్చు, దానిమీద అప్పు తెచ్చుకోవచ్చు. అంటే అది పెట్టుబడికి లొంగుతుంది. కల్లు చెట్టునుంచి దిగిన పూటే, దిగిన ఊళ్ళోనే తాగాలి. దాన్ని గిడ్డంగిలో దాచి లాభం కోసం ఎదురుచూసే అవకాశం ఏ వ్యాపారికీ లేదు. ఆ ఊరి మనిషి గీసి, ఆ ఊరి మనిషి తాగేది. పెట్టుబడికి లొంగని పానీయాన్ని పెట్టుబడిదారీ సమాజం అనాగరికమని పిలవడంలో ఆశ్చర్యమేముంది? ప్రభుత్వానికీ దానితో ఇబ్బందే. ఒకచోట కాచే సారాకి తాళంవేసి లెక్క కట్టవచ్చు. వేల చెట్లమీద వేలాడే ముంతల్ని లెక్కపెట్టేదెలా? 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద దానికీ ఉపాయం కనిపెట్టారు. చెట్టుకి ఇంత అని పన్ను వేసి, పన్ను కట్టిన చెట్టుకి నంబరు వేశారు. గీతగాడి శరీరానికీ చెట్టుకీ మధ్య ఒక గుమాస్తా వచ్చి నిలబడ్డాడు. గట్టుమీది చెట్టు రైతుది. దానికి అద్దె వేరే. నంబర్లు వచ్చాయి, పోయాయి, విధానాల పేర్లు మారాయి. లైసెన్సు లేకుండా గీస్తే నేరమన్నది మాత్రం మారలేదు.

నాగరీకులు అల్పమని కొట్టిపారేసే ఈ కల్లుకోసం మనవాళ్ళు తుపాకులకి ఎదురుతిరిగారు. 1879 మార్చిలో గోదావరి మన్యంలో రేగిన రంపతిరుగుబాటు కారణాల్లో ముఖ్యమైనది కల్లుపన్ను. మన్సబుదారు అప్పటికే చిగురుపన్ను పేరుతో పీడిస్తున్నాడు. దానిమీద ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నిషేధించి, గుత్త కంట్రాక్టర్లకి అప్పగించాయి. తిండి దొరకని నెలల్లో కొండవాళ్ళకి ఆ కల్లే ఆహారం. వాళ్ళు పోలీసుఠాణాలమీద పడ్డారు. తిరుగుబాటు విశాఖపట్నం మన్యంలో గొలుగొండ కొండలకీ, అటు రేకపల్లికీ పాకింది. ఇందులో వ్యసనం ఎక్కడుంది? చెట్టు ఎవరిదన్న ప్రశ్న ఉంది. తరవాత తెలంగాణాలో గీతపనివారి సంఘాలు ఎత్తుకున్న 'గీసేవాడిదే చెట్టు' అన్న నినాదం, దున్నేవాడిదే భూమి అన్నదానికి తోబుట్టువు.

మన ఉత్తరాంధ్రకీ ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలంతో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని 1948లో రాష్ట్రమంతటికీ విస్తరించారు. గాంధీమార్గమన్నారు. డబ్బున్నవాడు పర్మిటు సంపాదించుకుని తాగాడు, గీతగాడు కత్తి చూరులో పెట్టి పస్తున్నాడు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం పనికిరాలేదని, ఎత్తివెయ్యమని, రామమూర్తి సంఘం సిఫార్సు చేసింది. ప్రభుత్వం చెయ్యలేదు. సోంపేట ప్రాంతంవాడు, ఆ గీతకులంలోనే పుట్టినవాడు గౌతు లచ్చన్న గీతపనివారి పక్షాన నిలబడ్డాడు. 1954 నవంబరులో ఆ సమస్యమీదే, ఒక్క ఓటు తేడాతో, ప్రకాశంగారి మంత్రివర్గం కూలిపోయింది. ఆంధ్రుల మొట్టమొదటి ప్రభుత్వాన్ని పడగొట్టింది తాటికల్లు! మన చరిత్రపాఠాల్లో దీన్ని గుసగుసగా చెప్పుకుంటారెందుకో నాకు అంతుపట్టదు.

రెండోరోజు రాజాం, పాలకొండ, వీరఘట్టం మీదుగా పార్వతీపురం చేరి, కురుపాం దాటి గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లోకి వెళ్ళాం. అక్కడ తాడి లేదు, జీలుగు ఉంది. కణుపుల దగ్గర కొమ్మలు కాస్త వదిలి నరికిన ఒంటివెదురే నిచ్చెన. జీలుగు విచిత్రమైన చెట్టు. పూత ఒకసారి మొదలయ్యాక పైనుంచి కిందికి గెల తరవాత గెల వేస్తూ, ఆఖరి గెలతో చచ్చిపోతుంది. చచ్చాక కూడా మానులో పిండి ఉంటుంది, కరువులో తింటారు. సవరలకి పెద్దల పూజలో కల్లు లేనిదే పూజ కాదు. జీలుగుకల్లు తాటికల్లు కంటే మెత్తగా ఉందని నాకు తోచింది. అయితే దాని రుచిని వర్ణిస్తూ కూచుంటే నేను ఖండిస్తున్న వ్యాసకర్తకీ నాకూ తేడా ఉండదు.

ఆ కొండల్లో తాగుడుకీ భూమికీ సంబంధం ఏమిటో చెప్పాలి. మన్యంలో సారా అమ్మినవాడే అప్పు ఇచ్చాడు. అప్పు ఇచ్చినవాడే భూమి రాయించుకున్నాడు. ఏజెన్సీలో వడ్డీనీ, భూమి చేతులు మారడాన్నీ అదుపుచేస్తూ 1917లో తెల్లప్రభుత్వమే చట్టం చెయ్యవలసి వచ్చిందంటే దోపిడీ ఎంత ముదిరిందో ఊహించండి. ఆ తరవాత 1959 రెగ్యులేషను, 1970 సవరణ వచ్చాయి. ఈ మధ్యలో, 1967 అక్టోబరు 31న, మొండెంఖల్ సభకి పోతున్న గిరిజనులమీద లేవిడి దగ్గర షావుకార్ల మనుషులు కాల్పులు జరిపి కోరన్న, మంగన్నలని చంపారు. ఆ దారినే మా కారు వెళ్ళింది. దక్షిణాఫ్రికాలో కేప్ ద్రాక్షతోటల్లో కూలీలకి కూలిలో కొంత భాగం వైన్‌గా పోసే 'డాప్' అనే పద్ధతి ఉండేది. చట్టం నిషేధించాక కూడా చాలాకాలం సాగింది. తరాలకి తరాలు తాగుబోతులయి, పుట్టే పిల్లలు కూడా దెబ్బతిన్నారు. ఆ సీసాలే ఐరోపాలో బంతిభోజనాల్లో మెప్పుపొందాయి. అక్కడ ద్రాక్ష, ఇక్కడ నాటుసారా. పానీయం వేరయినా పద్ధతి ఒకటే.

ద్రాక్షకి పోరాటచరిత్ర లేదని నేను అనడం లేదు. 1907లో దక్షిణ ఫ్రాన్సులో ద్రాక్షరైతులు ధరలు కూలిపోయి లక్షలుగా వీధుల్లోకి వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది. ఆ ప్రాంతపు కుర్రాళ్ళున్న 17వ రెజిమెంటు తిరగబడింది. ఆ దేశంలో వైన్ కూలివాడు రొట్టెతో తాగేది. మన దేశానికి దిగుమతి అయ్యేసరికి రైతూ పోయాడు, రెజిమెంటూ పోయింది, గ్లాసు తిప్పే పద్ధతి ఒక్కటే మిగిలింది.

ఇక మనవాళ్ళతో ఒక పేచీ ఉంది. కొందరు అభ్యుదయ రచయితలు ఇంతవరకు చదివి, "అవును, కల్లు ప్రజల పానీయం, జానపద సంస్కృతి" అని తలలూపి ఒక గేయం రాయడానికి సిద్ధపడతారు. తిరుగుప్రయాణంలో తోటపల్లి దగ్గర టీ తాగుతూ నా భార్య అన్నమాట వాళ్ళు వినాలి. ఆమె 1992లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడి నడిపింది. "మీ చర్చలో చెట్టుంది, ఎక్కేవాడున్నాడు, పన్ను వేసేవాడున్నాడు. తాగి ఇంటికొచ్చేవాడి ఇల్లు ఎక్కడా లేదేం?" అన్నది. ఆ ఇల్లు లేకుండా రాసే సాహిత్యం మగవాళ్ళ సాహిత్యమే, దానికి ఎర్రజెండా కట్టినా సరే. మోకు జారి పడిపోయిన గీతగాడి ఇల్లూ, సాయంత్రం కూలి దుకాణంలో ఇచ్చేసి వచ్చినవాడి ఇల్లూ ఆడది నడపవలసిన ఇళ్ళే. దానికితోడు ఈనాటి కల్లంతా చెట్టుదే అనుకోవడం అమాయకత్వం. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఆ కల్లుకి తాడిచెట్టుతో ఉన్న చుట్టరికం చాలా దూరపుది.

అయితే దూబగుంట ఆడవాళ్ళని నీతిబోధకుల జాబితాలో కలిపేవారిని కూడా నేను ఒప్పుకోను. 1992లో నెల్లూరు జిల్లాలో చదువుపుస్తకంలో పాఠం చదివి, రోశమ్మ మొదలైనవారు ఊళ్ళో సారాదుకాణం మూయించినప్పుడు వాళ్ళు తాగుబోతుకి సుద్దులు చెప్పలేదు. కంట్రాక్టరు జీపు ఆపారు. వేలంపాటలు జరగనివ్వలేదు. 1980లలో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో సారాని పొట్లాలుకట్టి ఇంటిముందుకి తెచ్చింది; వాళ్ళు పోరాడింది ఆ ఖజానాతో. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వాళ్ళు సాధించినవి. 1997లో దాన్ని ఎత్తివేసింది తాగేవాళ్ళు ఉద్యమం చేసినందుకు కాదు. ఖజానాకి డబ్బు కావలసి వచ్చింది. నిషేధంలో గీతగాడు చచ్చాడు, నిషేధం ఎత్తాక కూలివాడి పెళ్ళాం చచ్చింది, రెండుసార్లూ బాగుపడింది డిస్టిలరీ.

ఇక్కడొక చిన్నమాట. మన రాష్ట్రాల్లో 'వైన్‌షాపు' అని బోర్డు ఉన్నచోట వైన్ దొరకడం అరుదు. బ్రాందీ, విస్కీ పేర్లతో రంగుసారా దొరుకుతుంది. నాసిక్ గౌరవాన్ని బోర్డుకి అద్దెకి తెచ్చుకున్నారన్నమాట. 2019 అక్టోబరులో ఆంధ్రలో ఆ దుకాణాల్ని ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. దశలవారీ నిషేధమని పేరు. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకి ఇచ్చింది. 2023 మేలో హైదరాబాదు నెక్లెస్‌రోడ్డులో నీరాకేఫ్ వెలిసింది. చెట్టు దిగిన తీపినీళ్ళు చలువగదిలో తాగవచ్చును. మంచిదే, గీతగాడికి నాలుగు రాళ్ళు వస్తే నాకు అభ్యంతరం లేదు. కాని కొండమీద పెద్దలకి పోసుకోవడానికి ఇప్పసారా కాచినవాడిమీద కేసు పెట్టే ప్రభుత్వాలు, 1996 పెసా చట్టం మత్తుపానీయాల అదుపు గ్రామసభకి ఇచ్చిందన్న సంగతి ఎందుకు గుర్తుంచుకోవు? ఊళ్ళో ఏది అమ్మాలో, ఏది వద్దో ఊరి ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూచుని తేల్చుకుంటే, అటు కంట్రాక్టరుకీ ఇటు సంస్కర్తకీ పని ఉండదని కాబోలు.

గీతకులాలకి న్యాయం చేశామని ఇప్పుడు చెప్పేదేమిటంటే, కొత్త మద్యం విధానంలో పదోవంతు దుకాణాలు వాళ్ళకి కేటాయించడం. చెట్టు అడిగినవాడికి బ్రాందీదుకాణం ఇచ్చారు. మోకు తెగితే బతికించే బీమా, ఎక్కడానికి భద్రమైన పరికరం, గట్టుమీది చెట్టుమీద గీసేవాడికి చట్టబద్ధమైన హక్కు, నీరా నిలవచెయ్యడానికీ, బెల్లం వండడానికీ సహకారసంఘానికి యంత్రం, నాసిక్ తోటకి ఇచ్చినలాటి పన్ను మినహాయింపు - ఇవి అడుగుతున్నారు గీతపనివారు. వీటిలో ఏదీ కాకుండా, వాళ్ళ కల్లుని ఊళ్ళోంచి తరిమిన సరుకునే వాళ్ళచేత అమ్మించడం ఎటువంటి న్యాయం? ఆ తోపులో ముసలాయన కొడుకుని నేను అదే అడిగాను. వాడు చెట్టు ఎక్కడు. విశాఖపట్నంలో కట్టడాల పనికి పోతాడు, పండక్కి వచ్చాడు. "దుకాణానికి దరఖాస్తు పెట్టడానికే మా దగ్గిర డబ్బు నేదు మేష్టారూ. ఎవుడో పెట్టుబడి పెడతానంటే పేరిచ్చినోళ్ళున్నారట. పేరు మాది, గల్లాపెట్టి ఆడిది" అన్నాడు. తండ్రి అప్పటికి రెండో చెట్టుమీద ఉన్నాడు.